సున్నా ఎవరు వేసిండ్రు?

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చాయి. మంచిర్యాల జిల్లాలో ఒక అమ్మాయికి తెలుగులో సున్నా వచ్చింది. మిగతా సబ్జెక్టుల్లో బాగా చదివే పిల్ల. పేపరు మళ్ళీ తీసి చూస్తే అందులో ఉన్నది 99. ఓఎంఆర్ షీటు మీద 99 దిద్దాల్సిన చోట 00 దిద్దారు. నింపే రెండు గుండ్రాల తేడా, అంతే.

తర్వాత ఏం జరిగిందో పేపర్లలో వచ్చింది. దిద్దిన టీచరుకి 5000 రూపాయల జరిమానా వేశారు. దాన్ని సరిచూడాల్సిన లెక్చరర్‌ని సస్పెండ్ చేశారు. అక్కడికి న్యాయం జరిగిపోయినట్టే అందరూ మాట్లాడారు. అప్పుడు హైదరాబాద్‌లో మా ఆఫీసు క్యాంటీన్‌లో ఈ వార్త చదువుతూ మేం ఆరుగురం కూర్చున్నాం. అందరం ఇంజనీర్లమే, అందరికీ ఒకటే అనుమానం వచ్చింది. పరీక్షకు హాజరై, మిగతా పేపర్లన్నీ మంచి మార్కులతో రాసిన పిల్లకి ఒక్క దాంట్లో సున్నా వస్తే, ఆ సున్నా మెమో మీదికి ఎక్కేదాకా ఏ ప్రోగ్రామూ "ఒకసారి చూడండి" అని ఎందుకు అడగలేదు? ఇలాంటి చెక్ రాయడానికి పట్టేది ఒక పూట. రాయమని ఎవరూ చెప్పలేదా, రాస్తే ఎవరైనా తీసేశారా, అసలు ఆ ఆలోచన రావాల్సిన మనిషి ఆ గదిలో ఉన్నాడా?

ఆ ఏడాది ఫలితాల ప్రాసెసింగ్ చేసింది గ్లోబరీనా అనే ప్రైవేటు సంస్థ. అంతకు ముందు ఆ పని సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్ చేసేది. గొడవ పెద్దదయ్యాక ప్రభుత్వం ముగ్గురితో కమిటీ వేసింది. టీఎస్‌టీఎస్ ఎండీ, బిట్స్ హైదరాబాద్ నుంచి ఒక ప్రొఫెసర్, ఐఐటీ హైదరాబాద్ నుంచి ఒక ప్రొఫెసర్. సాఫ్ట్‌వేర్‌లోనూ, బోర్డు పని చేయించుకున్న పద్ధతిలోనూ లోపాలున్నాయని వాళ్ళు తేల్చారు. ఫెయిలైన మూడు లక్షలకు పైగా పిల్లల పేపర్లు ఉచితంగా మళ్ళీ చూశారు. వెయ్యిమందికి పైగా పాసయ్యారు.

ఫలితాలొచ్చిన ఆ కొద్ది రోజుల్లో రాష్ట్రంలో ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. వాళ్ళ పేపర్లు మళ్ళీ చూసినా ఫలితం మారలేదని, ఆ చావులకూ ఈ తప్పులకూ సంబంధం లేదని ప్రభుత్వం చెప్పింది. ఆ మాట తప్పని నిరూపించే కాగితం ఏదీ నా దగ్గర లేదు, కాబట్టి ఆ చావుల్ని ఒక ప్రోగ్రామ్ మీద వేసి మాట్లాడను. కానీ ఫెయిలైన పిల్ల చేతిలో ఉన్న మెమోని ఎవరూ నమ్మలేని పరిస్థితి తెచ్చింది మాత్రం మా వృత్తి. ఆ మొత్తం కథలో పేరు పెట్టి పిలిచి, నువ్వు చేసిందేమిటని అడిగినది ఒక టీచరుని, ఒక లెక్చరర్‌ని. ఇంజనీరుని ఎవరూ అడగలేదు. అడగాలన్నా, ఎవరు అడగాలి?

మా మేనమామ సింగరేణిలో సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. గోదావరిఖనిలో ఉంటాడు. ఆయనకి ఈ కథంతా చెప్పినప్పుడు ఆయన అడిగిన మొదటి ప్రశ్న నాకు అర్థం కావడానికే కొంచెం టైం పట్టింది.

"ఆ సాఫ్ట్‌వేర్ ఏసినోని సర్టిఫికెట్ గుంజుకున్నరా, అల్లుడా?"

"సర్టిఫికెట్ అంటే? బీటెక్ సర్టిఫికెట్టా?"

"అది గాదురా. పని జేసే సర్టిఫికెట్."

అలాంటిది ఉండదు మామ, అన్నాను. ఆయన నమ్మలేదు. నేను దాస్తున్నాననుకున్నాడు.

సింగరేణి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్పాలి. బొగ్గు బాయిలో సర్దార్ అంటే పెద్ద హోదా ఏమీ కాదు. సర్దార్ మీద ఓవర్‌మెన్, ఆయన మీద అండర్ మేనేజర్, ఆయన మీద మేనేజర్ ఉంటారు. కానీ ఈ నలుగురికీ చట్టం ప్రకారం సర్టిఫికెట్లుండాలి. అవి కంపెనీ ఇచ్చేవి కావు. గనుల భద్రత చూసే డీజీఎంఎస్ అని ధన్‌బాద్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఉంది, పరీక్షలు దాని కింద జరుగుతాయి. సర్దార్‌కి వేరేగా గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్, ఫస్ట్ ఎయిడ్ సర్టిఫికెట్ కూడా కావాలి. మామ చదివింది పదో తరగతి. చేతిలో దీపం పట్టుకుని, మంట సన్నగా తగ్గించి, దాని మీద నీలంగా లేచే టోపీ ఎత్తుని బట్టి గాల్లో మీథేన్ ఎంతుందో చెప్పడం నేర్చుకున్నాడు. కట్టెతో పైకప్పు మీద కొట్టి, ఆ చప్పుడు విని, రాయి గట్టిగా ఉందా, వదులైందా అని చెప్పగలడు. ఇప్పటికీ మా ఇంటికొస్తే స్లాబుని వేలి కణుపులతో ఒకసారి తట్టి చూస్తాడు. మా ఆవిడ నవ్వుతుంది.

షిఫ్ట్ మొదలయ్యే ముందు సర్దార్ తన కింద ఉన్న జాగా అంతా తిరిగి, గ్యాసు, రూఫు, సైడ్లు, గాలి చూసి, బుక్కులో రాసి, తారీకు, టైం వేసి సంతకం పెట్టాలి. ప్రమాదం అనిపిస్తే మనుషుల్ని వెనక్కి తీసి, దారికి అడ్డం పెట్టాలి. అక్కడ పని ఆపడానికి ఎవర్నీ పర్మిషన్ అడగక్కర్లేదు. ఆపడమే ఆయన డ్యూటీ. ఆపకపోతే సర్టిఫికెట్ పోతుంది, అంటే ఈ బాయిలోనే కాదు, దేశంలో ఏ బాయిలోనూ సర్దార్ పని దొరకదు.

ఇదంతా విని నాకు అసూయ కలిగింది, అందులో సిగ్గుపడేదేం లేదు. నాకు బీటెక్ ఉంది, నెలకి ఆయన ఎన్నడూ చూడనంత జీతం ఉంది, కానీ "ఇది ఆపుతున్నా" అని రాసి సంతకం పెట్టే బుక్కు లేదు.

మన దేశంలో డాక్టరు తప్పు చేస్తే అడగడానికి మెడికల్ కౌన్సిల్ ఉంది. లాయరుకి 1961 అడ్వకేట్స్ చట్టం, బార్ కౌన్సిల్. చార్టర్డ్ అకౌంటెంట్‌కి 1949 నుంచీ చట్టం ఉంది. ఇల్లు గీసే ఆర్కిటెక్ట్‌కి 1972 చట్టం ఉంది, రిజిస్టర్ కానివాడు తనని ఆర్కిటెక్ట్ అని చెప్పుకోకూడదు. ఆ గీతని నిలబెట్టే ఇంజనీరుకి మాత్రం దేశం మొత్తానికీ వర్తించే చట్టం లేదు. మున్సిపాలిటీల్లో బిల్డింగ్ ప్లాన్ల మీద సంతకం పెట్టే స్ట్రక్చరల్ ఇంజనీర్లకి లైసెన్సులున్నాయి, ఆ సంతకాలు కరీంనగర్‌లో ఎంతకి దొరుకుతాయో ఇల్లు కట్టుకున్నవాళ్ళని అడగండి. 1920లో పుట్టిన ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇంజనీర్స్ ఉంది, 1935లో రాయల్ చార్టర్ కూడా వచ్చింది, దానికి నీతి నియమావళి కూడా ఉంది. కానీ చేరడం చేరకపోవడం మన ఇష్టం. చేరనివాడిని అది ఏమీ అనలేదు. ఏఐసీటీఈ చూసేది కాలేజీల్ని. ల్యాబ్‌లో ఎన్ని కంప్యూటర్లున్నాయో లెక్కపెడుతుంది, బయటికొచ్చినవాడు ఏం చేస్తున్నాడో దానికి పట్టదు. ఇంజనీర్లకి చట్టం తెస్తామని ఇరవై ఏళ్ళుగా ముసాయిదాలు వస్తూనే ఉన్నాయి, 2025లో కూడా ఒకటి చర్చకి పెట్టారు.

తమాషా ఏంటంటే తెలంగాణకి ఇంజనీర్స్ డేలు రెండు. సెప్టెంబర్ 15 విశ్వేశ్వరయ్యది, జులై 11 నిజాంసాగర్ కట్టిన నవాబ్ అలీ నవాజ్ జంగ్‌ది. రెండుసార్లు దండలేస్తాం.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక కంపెనీ, వేరే రాష్ట్రం కోసం, ఒక పథకం లబ్ధిదారుల జాబితాలో డూప్లికేట్లు పట్టే ప్రోగ్రామ్ చేసింది. రెండు డేటాబేసుల్లో పేర్లు పోల్చి, ఎంత శాతం కలిస్తే ఒకే మనిషి అనుకోవాలో ఒక అంకె పెట్టాలి. మన పేర్ల సంగతి ఆ లైబ్రరీ రాసినవాడికి తెలీదు. రాజవ్వ ఓటరు కార్డులో రాజమ్మ అవుతుంది, బ్యాంకులో రాజేశ్వరి అవుతుంది. ఇంటిపేరు ఒకచోట ముందుంటుంది, ఒకచోట వెనక, ఒకచోట ఒక్క అక్షరం. ఒకే ఊళ్ళో ఒకే ఇంటిపేరుతో నలుగురు మల్లవ్వలుంటారు, నలుగురి భర్తల పేర్లూ రాజయ్యే కావచ్చు. మా జగిత్యాల వైపు మా ఊళ్ళోనే ఉన్నారు. ఈ ప్రోగ్రామ్ ఒక రాజవ్వని ముగ్గురు చేస్తుంది, నలుగురు మల్లవ్వల్ని ఒక్కరిని చేస్తుంది. కాబట్టి ఎవరి పేరు తీసేసే ముందైనా ఓ ఐదారు వందల ఇళ్ళకి వెళ్ళి చూసి రావాలని, అప్పటిదాకా జాబితా బయటికి ఇవ్వకూడదని మెయిల్ రాశాను. పట్టిక పెట్టి, ఉదాహరణలు పెట్టి, మర్యాదగానే రాశాను.

జవాబు కూడా మర్యాదగానే వచ్చింది. మంచి పాయింట్, రిస్క్ రిజిస్టర్‌లో పెట్టు అన్నారు. పెట్టాను. రిస్క్ రిజిస్టర్ అంటే ఒక ఎక్సెల్ షీటు. వారం తర్వాత ఆ వరుస చివర "యాక్సెప్టెడ్" అని కనిపించింది. ఎవరు యాక్సెప్ట్ చేశారు? గడిలో పేరు లేదు. తెలుగులో కర్మణి వాక్యం ఎబ్బెట్టుగా ఉంటుందని బళ్ళో చెప్పేవాళ్ళు, "నాచే తినబడినది" అంటే నవ్వొస్తుంది. ఆఫీసు ఇంగ్లీషు మొత్తం ఆ ప్రయోగం మీదే నడుస్తుంది. నిర్ణయించబడినది, అంగీకరించబడినది. కర్త దొరకడు. జాబితా అనుకున్న తేదీకే వెళ్ళిపోయింది. నేను ఇంకో టీంకి మారాను.

అది ఎవరి బతుకులో ఏం చేసిందో నాకు తెలిసే దారి లేదు. అయితే అలాంటి పని ఎక్కడికి పోగలదో తెలంగాణలోనే చూశాం. రాష్ట్రం వచ్చాక ఇక్కడ సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి, కంప్యూటర్ చెప్పినదాన్ని బట్టి, ఇంటికి వచ్చి చూడకుండా. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2022లో కోర్టు, మనుషుల్ని పంపి మళ్ళీ పరిశీలించండి అని చెప్పాల్సొచ్చింది. ఇంటికి వెళ్ళి చూడాలనే మాట చెప్పడానికి సుప్రీంకోర్టు కావాలా? ఏ ఇంజనీరో ముందే చెప్పి ఉంటాడు, అది ఏదో షీటులో పద్నాలుగో వరుసలో ఉండి ఉంటుందని నా ఊహ. ఊహే.

సాఫ్ట్‌వేర్‌వాళ్ళది ఇంజనీరింగే కాదు, సివిల్ వాళ్ళని చూడు అని ఒక స్నేహితుడు అంటాడు. చూద్దాం. పాత కరీంనగర్ జిల్లాలో, మహాదేవపూర్ దగ్గర మేడిగడ్డ. 2019 జూన్ 21న కాళేశ్వరం ప్రారంభమైంది. 2023 అక్టోబర్ 21న ఏడో బ్లాకులో పియర్లు కుంగాయి. డ్యాముల కోసం దేశంలో 2021లో చట్టం వచ్చింది, దాని కింద ఎన్‌డీఎస్‌ఏ ఉంది, వాళ్ళు వచ్చి చూసి ప్లానింగ్, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నిట్లోనూ లోపాలున్నాయని నివేదిక ఇచ్చారు. 2024 మార్చిలో జస్టిస్ పినాకి చంద్ర ఘోష్ కమిషన్ వేశారు, 2025 జులై 31న నివేదిక అందింది. అసెంబ్లీలో ఎవరి వాదన వాళ్ళది, అందులోకి నేను పోను. నాకు పట్టిన విషయం ఒకటే. డ్యాముకి చట్టం ఉంది, డ్యాము గీసిన మనిషికి లేదు. అతని మీద చర్య తీసుకోవాల్సింది అతని డిపార్టుమెంటే, సర్వీసు రూల్స్ ప్రకారం. అంటే ఆ పని చేయమని ఆర్డరిచ్చినవాళ్ళూ, చేసినందుకు శిక్షించేవాళ్ళూ ఒకే మేడ మీద కూర్చుంటారు. సర్కారు దవాఖానలో డాక్టరుకి ఇద్దరు యజమానులు, ప్రభుత్వం ఒకటి, కౌన్సిల్ ఒకటి. పై ఆఫీసరు తప్పు పని చేయమంటే, "నా రిజిస్ట్రేషన్ పోతది సార్" అనడానికి ఆయనకో సాకు ఉంది. ఇంజనీరుకి ఆ సాకు లేదు. వృత్తి నీతి అని పెద్ద మాట ఎందుకు, నాకు కావాల్సింది ఆ సాకే.

(కడెం వాళ్ళకి ఇదేం కొత్త కాదు. 1958లో నీళ్ళు కట్ట మీదుగా పోయి గండ్లు పడ్డాయి. 2022 జులైలో వరద ప్రాజెక్టు డిజైన్ చేసినదాన్ని మించి వస్తే, కింద ఊళ్ళన్నీ రాత్రికి రాత్రి ఖాళీ చేశారు. కట్ట ఆ రాత్రి ఎలాగో నిలబడింది.)

అయితే కౌన్సిల్ పెట్టేస్తే అయిపోతుందా? ఈ విషయంలో నేను ఇదివరకటంత ధైర్యంగా లేను.

కెనడాలో 1907లో క్విబెక్ వంతెన కడుతుండగానే కూలి 75 మంది పోయారు. 1925 నుంచి అక్కడ ఇంజనీర్లు చదువయ్యాక ఒక ప్రమాణం చేసి చిటికెన వేలికి ఇనుప ఉంగరం పెట్టుకుంటారు. ఆ ఉంగరాలు కూలిన వంతెన ఇనుముతో చేస్తారని చెప్పుకుంటారు గానీ అది కట్టుకథ. టొరంటోలో ఉన్న నా క్లాస్‌మేట్ ఇక్కడ చదివినవాడు కాబట్టి వాడికి ఉంగరం లేదు, ఉన్నవాళ్ళ వేళ్ళు చూసి గుర్తుపడతానంటాడు. అమెరికాలో సాఫ్ట్‌వేర్‌కి కూడా లైసెన్స్ పరీక్ష 2013లో పెట్టారు. 2019 ఏప్రిల్‌లో ఆఖరిసారి జరిపి ఎత్తేశారు. అన్నేళ్ళకీ కలిపి రాసినవాళ్ళు 81 మంది. మన ఇంటర్ ఫలితాలు వచ్చిన నెల అది.

అదే అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో ఇంకోటి జరిగింది. స్వీడన్‌లో ఇంజనీరింగ్ చదివిన ఒకాయన, పసుపు లైటు ఎంతసేపు ఉండాలో లెక్కలో తప్పుందని, తన దగ్గర వేరే సూత్రం ఉందని అధికారులకి రాశాడు. ఆ రాష్ట్ర ఇంజనీర్ల బోర్డు ఆయనకి 500 డాలర్ల జరిమానా వేసింది. లెక్క తప్పని కాదు. లైసెన్స్ లేకుండా "నేను ఇంజనీరుని" అన్నందుకు. ఆయన కోర్టుకెళ్ళి గెలిచాడు. మన దగ్గర బోర్డు వస్తే మొదటి కేసు ఇలాంటిదే అవుతుందని నాకు భయం. రేషన్ కార్డు ఎందుకు పోయిందో ఆర్టీఐ వేసి లెక్కలు తీసిన పిల్లవాడిని, "నీకు రిజిస్ట్రేషన్ ఉందా?" అని అడుగుతారు.

బాయిలో సర్టిఫికెట్లుండి కూడా ప్రమాదాలు ఆగలేదు కదా. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్ళు వచ్చి పడి 17 మంది పోయారు. ఆ మాట ఎత్తితే మామ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అన్నాడు:

"ఎంక్వైరీ అచ్చిందంటే ఫస్టు మా బుక్కే పట్కపోతరు. పైనోని ఫైలు తర్వాత. అది కూడ చూడాలె నువ్వు."

చూశాను. తెలుగు పేపరు దిద్దిన టీచరు కథ కూడా అదే. ఆమె సంతకం ఉంది కాబట్టి ఆమె దొరికింది. కట్టె చివర దీపం పట్టుకున్నవాడు దొరుకుతాడు, దీపం కొనడానికి డబ్బులివ్వనివాడు దొరకడు. చట్టం రాసేటప్పుడు సంతకం ఎంత కిందికి దిగితే అంత సుఖం పైవాళ్ళకి. బ్రిటన్ పోస్టాఫీసు కథలో 900 మందికి పైగా సబ్ పోస్ట్‌మాస్టర్లని నేరస్తులుగా తేల్చారు. లెక్కలో తేడా చూపించింది హొరైజన్ అనే సాఫ్ట్‌వేర్, సంతకం మాత్రం వాళ్ళది.

అయినా మామ మాటల్లోంచి నేను తీసుకున్నది సర్టిఫికెట్ కాదు. ఆయన సర్వీసులో పని ఆపిన సందర్భాలు ఎన్ని ఉన్నాయని అడిగాను. లెక్కలేదన్నాడు. టన్నులు తగ్గినయని మేనేజర్ తిట్టేవాడు, బోనస్ పోయిందని పనోళ్ళే తిట్టేవాళ్ళు. "తిట్టుడు వేరు, తీసేసుడు వేరు" అన్నాడు. పని ఆపినందుకు ఆయన్ని ఎవరూ ఉద్యోగంలోంచి తీయలేరు, ఎందుకంటే ఆపమని రాసి ఉంది. ఏం చేయకూడదో రాసిన నీతి నియమావళులు మాకూ ఉన్నాయి. కంప్యూటర్ వాళ్ళ సంఘం ఏసీఎం 2018లో తనది కొత్తగా రాసుకుంది, అది బాగుంటుంది, ఎవరికీ హాని చేయొద్దు అంటుంది. వద్దన్నవాడిని ఎవరు కాపాడతారో మాత్రం అందులో దొరకదు.

నాకు సాహిత్యం పిచ్చి కాబట్టి ఒక మాట. తెలుగులో వకీలు ధర్మసంకటం గురించి కన్యాశుల్కం నాటి నుంచీ చదువుతున్నాం, సౌజన్యారావు పంతులు అక్కడ ఉన్నాడు. డాక్టర్ల కథలు కావలసినన్ని. నేను చదివినంతలో ఇంజనీరు మాత్రం కాంట్రాక్టర్ పక్కన కవరు తీసుకుంటూ నిలబడే మనిషి, లేకపోతే అమెరికా నుంచి అమ్మకి ఫోన్ చేసి బాధపడే కొడుకు. లంచం, ఒంటరితనం, ఈ రెండే మా సమస్యలా? లంచం తీసుకోకుండా, ఒంటరిగా లేకుండా, పదిమందితో కలిసి మంచి జీతానికి చెడ్డ పని చేసే మనిషి మీద కథ ఎవరైనా రాస్తే బాగుండు. రాసిన కథలు నా కళ్ళపడకపోయి ఉండొచ్చు, తెలిస్తే చెప్పండి.

ఇప్పుడు నేను పనిచేసేచోట ఎనిమిదిమంది ఉన్న టీం నాది. రిలీజ్‌కి ముందు నింపే ఫారం ఒకటుంది. టెస్టులయ్యాయా, బ్యాకప్ ఉందా, వెనక్కి తీసుకోవడం ఎలా, ఇలాంటివి. పోయిన ఏడాది దానికి ఒక గడి చేర్చాను. "దీన్ని ఆపగలిగినవాళ్ళ పేరు." టీం పేరు రాయకూడదు, మనిషి పేరే రాయాలి. ఆ మనిషి ఆపితే ఆ రోజుకి రిలీజ్ లేదు, కారణం తర్వాత మాట్లాడుకుందాం అని మా మేనేజర్‌తో నోటిమాటగా ఒప్పందం. కంపెనీ పాలసీ కాదు, రేపు మేనేజర్ మారితే అదీ పోతుంది.

మొదట్లో అందరూ నా పేరే రాసేవాళ్ళు. కాదు, కోడ్ రాసినవాళ్ళే రాసుకోవాలన్నాను. గోదావరిఖని నుంచే వచ్చిన ఒక అమ్మాయి ఉంది మా టీంలో, చేరి ఏడాదిన్నర అయింది. వాళ్ళ నాన్న కూడా బాయిలోనే. జనవరిలో ఆ గడిలో తన పేరు రాసి, శుక్రవారం సాయంత్రం ఐదింటికి రిలీజ్ ఆపింది. అడ్రస్ మారిన కస్టమర్లకి పాత అడ్రస్‌కే నోటీసులు పోతున్నాయని ఆమెకి అనుమానం. క్లయింటుతో కాల్‌లో నలభై నిమిషాలు మాటలు పడ్డాం. సోమవారం చూస్తే ఆమె అనుమానం ఉత్తదే, నోటీసులు సరిగ్గానే పోతున్నాయి.

తర్వాతి రిలీజ్ ఫారం వచ్చినప్పుడు ఆ గడి ఖాళీగా ఉంది. నేను ఆమె సీటు దగ్గరికి వెళ్ళి అడిగాను. "మళ్ళ నా పేరు రాయమంటరా అన్నా?" అంది. రాయమన్నాను.